కాగితపు నక్షత్రాల కానుకలు: జమా ఖర్చుల వివరణ

ప్రియమైన సంఘ సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఈ క్రిస్మస్‌కు మన చేతులతో చేసి పంచిన కాగితపు నక్షత్రాల లెక్క 2024 డిసెంబరు 29 నాటికి ఇది.

జమ: మూడు ఆదివారాలు గుమ్మం దగ్గర పెట్టిన ప్రత్యేక పెట్టెలో రూ. 4,360 పడింది. స్త్రీల సమాజం నిధి నుంచి రూ. 2,000, హైదరాబాదులో ఉంటున్న మన రెండు కుటుంబాలు ఫోన్‌పేలో పంపింది రూ. 1,500. సండే స్కూలు పిల్లలు డబ్బాలో చిల్లర కూడబెట్టి రూ. 287 తెచ్చారు. కమిటీ సభ్యులం రూ. 144 వేసుకున్నాం, కారణం కింద రాశాం. మొత్తం రూ. 8,291.

నక్షత్రమే ఎందుకని కొందరు అడిగారు. 1853లో అమెరికాలో మన నెల్లూరు మిషనును మూసేద్దామా అని చర్చ వచ్చింది. పటం మీద ఒంటరి చుక్కలా కనిపించిన ఈ ఊరిని వదిలేయడానికి మనసొప్పక కొనసాగించారు. ‘లోన్ స్టార్’ (ఒంటరి నక్షత్రం) మిషను అన్న పేరు అలా వచ్చిందే. అది మన పిల్లలకు తెలియాలనుకున్నాం.

చేసింది ఫ్రోబెల్ నక్షత్రం. కిండర్‌గార్టెన్ మొదలుపెట్టిన జర్మనీ ఉపాధ్యాయుడి పేరు దానికి పెట్టారు. నాలుగు కాగితపు పట్టీలు ఒకదానిలో ఒకటి దూర్చి అల్లడమే, జిగురుతో పని లేదు. అరంగుళం వెడల్పు, 14 అంగుళాల పొడవు పట్టీలైతే ఒక చార్టుకు 88 వస్తాయి, అంటే 22 నక్షత్రాలు. చివర్లో కొసలు మెలితిప్పి దూర్చే చోట అందరం తడబడ్డాం. రెండో శనివారానికి పిల్లలే పెద్దవాళ్లకు నేర్పారు.

ఖర్చు: రంగు చార్టులు 32కు రూ. 384. ఇందులో 12 చార్టులు రెండోసారి కొన్నవి. నవంబరు 30న ఫెంగల్ తుపాను వాన కొడుతుంటే, కోసిన పట్టీలను వరండాలో వదిలి ఇళ్లకు వెళ్లిపోయాం. తెల్లారేసరికి ముద్దయ్యాయి. తప్పు కమిటీదే, అందుకే ఆ రూ. 144 మేమే కట్టాం. చెమ్మగిల్లినవాటిని మన వీధి ఇస్త్రీ బండాయన సాపు చేసిచ్చి, ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు.

నక్షత్రాలతో పాటు కవరులో పెట్టిన దేవదూత బొమ్మలను పాత శుభలేఖలతో చేశాం. ఆ శుభలేఖల్లో దేవుళ్ల బొమ్మలున్నవి కత్తిరించకుండా ఇచ్చినవారికే మర్యాదగా తిరిగి ఇచ్చేశాం. రెక్కలకు బంగారు కాగితం రూ. 150, ఫెవికాల్ రూ. 160. కత్తెరలు ఆరు రూ. 390 (ఇవి సండే స్కూలు బీరువాలో ఉన్నాయి), జరీ దారం రూ. 160, కవర్లు 150కి రూ. 450, మడతల బొమ్మల జెరాక్సులు రూ. 60. ఆరు శనివారాల టీ, బిస్కెట్లు రూ. 1,140. అరటిపండ్లు 25 డజన్లు రూ. 1,500. ఆటోలు రూ. 900, వీటికి రసీదు లేదు, ఇద్దరు సభ్యుల సంతకాలతో వోచరు పెట్టాం. మొత్తం రూ. 5,294.

ఒక్కో కవరులో రెండు నక్షత్రాలు, ఒక దేవదూత. ఆసుపత్రి పిల్లల వార్డులో 62, వృద్ధాశ్రమంలో 48, హాస్టలు పిల్లలకు 40 ఇచ్చాం. పండ్లతో, ఆటోలతో కలిపి కవరుకు 35 రూపాయల పైమాటే పడింది. బజారులో కొంటే ఇంత శ్రమ ఉండేది కాదన్న మాట నిజం. కానీ ఆశ్రమంలో ఒక పెద్దావిడ నక్షత్రాన్ని విప్పేసి, ఎలా మడిచారో చూపించమంది. గంటసేపు ఆమె పక్కన కూర్చున్నాం. మొన్న 27న, ఇంకో పదిమంది నేర్చుకుంటామంటున్నారు, పట్టీలు తెస్తారా అని ఆశ్రమం నుంచి కబురు వచ్చింది.

నిల్వ రూ. 2,997. దీనిలోంచి జనవరిలో మూడు శనివారాలు అక్కడికి కాగితాలు తీసుకెళ్లాలని కమిటీ కోరిక. జనవరి 5 ఆరాధన తర్వాత మీరందరూ ఒప్పుకుంటేనే ఖర్చు పెడతాం. బిల్లులు, వోచర్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.