పాత ఖాతాలు ఎందుకు తీసెయ్యలేదంటే

అమ్మలకీ, అక్కలకీ, చెల్లెళ్ళకీ నమస్కారం.

పోయిన వారం మన షాపు నుంచి అందరికీ ఒక మెసేజి వెళ్ళింది. "మీ కొలతలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి, దసరా జాకెట్లు ఇప్పుడే ఇవ్వండి" అని. ఆర్డర్లు బాగానే వచ్చాయి. కొందరు మాత్రం, "మీ దగ్గర కుట్టించుకుని ఎనిమిదేళ్ళయింది, ఇంకా నా కొలతలు మీకెందుకండీ?" అన్నారు. ఒకావిడ గట్టిగానే అడిగారు. అడగాల్సిన మాటే.

తాడితోటలో ఒక్క మిషనుతో మొదలుపెట్టిన నాటి నుంచి పదకొండు కొలతల పుస్తకాలు నిండాయి. నిరుడు మా అబ్బాయి వాటన్నిటినీ ఫోన్లో ఒక యాప్‌లోకి ఎక్కిస్తే 2,300 ఖాతాలు తేలాయి. అందులో 1,400 పైచిలుకు రెండేళ్ళుగా మన గుమ్మం తొక్కని వాళ్ళవి. యాప్ వాళ్ళకు ఖాతాల లెక్కన డబ్బు కట్టాలి. "రాని వాళ్ళవి తీసెయ్యండి, నెల ఖర్చు తగ్గుతుంది" అన్నారు. తీసేద్దామనే కూర్చున్నాను.

మొదటి పదిలోనే చెయ్యి ఆగిపోయింది. అందులో ఒకావిడ చెల్లెలి ఖాతాలో ఇలా ఉంది: "అక్క కొలతే. చేతులు ముప్పావు అంగుళం పొడుగు. వెనక మెడ అర అంగుళం పైకి." చెల్లెలు ఏటా వస్తుంది. అక్క పెళ్ళయి వెళ్ళాక మళ్ళీ రాలేదు. అక్క ఖాతా తీసేస్తే చెల్లెలి చేతులు ముప్పావు అంగుళం పొడుగు, కానీ దేనికన్నా పొడుగు? తల్లీకూతుళ్ళవి, తోడికోడళ్ళవి ఇలాంటివి ఇంకా బోలెడున్నాయి. యాప్‌కు అవన్నీ విడివిడి నంబర్లు.

ఇంకోటి, పుస్తకంలో ఉన్నవి అంగుళాలొక్కటే కాదు. "ఎడమ భుజం జారుతుంది, పావు అంగుళం లోపలికి" అన్న ముక్క మాకు ఊరికే తెలియలేదు. రెండు జాకెట్లు విప్పి కుడితే తెలిసింది. ఒళ్ళు వస్తే ఛాతీ, నడుము మారతాయి, అవి మళ్ళీ తీసుకోవచ్చు. భుజం తీరు అంత తొందరగా మారదు. మొన్న వేసవిలో డల్లాస్ నుంచి ఒకమ్మాయి తొమ్మిదేళ్ళ తర్వాత ఫోన్ చేసింది. తమ్ముడి పెళ్ళి, పట్టుచీర ఇక్కడ, తను అక్కడ, ఆది జాకెట్టు లేదు. వీడియో కాల్లో ఛాతీ, నడుము మాత్రం టేపు పెట్టించి చూశాం. మిగతావన్నీ పాత పేజీ నుంచి తీసుకుని, పక్క కుట్లలో రెండు వైపులా అంగుళంన్నర గుడ్డ వదిలి కుట్టాం. దిగిన రోజు సాయంత్రం ఒక్క కుట్టు విప్పితే సరిపోయింది.

నా స్వార్థమూ ఉంది, దాచను. పాత మనిషి తిరిగొస్తే పాంప్లెట్ల ఖర్చు లేదు. పైగా "2,000 మందికి పైగా కస్టమర్లు" అని బోర్డు రాయించుకున్నాను. నిజానికి ఏటా వచ్చేది ఆరేడు వందల మంది. ఆ బోర్డు మార్పిస్తున్నాను.

ఇక తప్పు సంగతి. ఆ మెసేజి అందరికీ పంపడం నా తప్పే. వాడకం లేక ఆగిపోయిన సిమ్ నంబరును కంపెనీ 90 రోజులు పక్కన పెట్టి ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆ సంగతి తట్టనే లేదు. "అమ్మా, నేను లారీ డ్రైవర్ని, నాకు జాకెట్టు వద్దు" అని ఒకాయన జవాబిచ్చాడు. నవ్వుకున్నాం గానీ, మెసేజిలో ఒక ఆడమనిషి పేరు ఉంది, అది ఆయనకు తెలియాల్సిన అవసరం లేదు. ఇంకో ఇంట్లో ఆవిడ కాలం చేసి మూడేళ్ళయిందట. ఆ కుటుంబానికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను.

అందుకని ఈ నెల నుంచి పద్ధతి మార్చాం. మూడేళ్ళు రాకపోతే మీ ఫోన్ నంబరు, అడ్రసు, ట్రయల్ ఫోటోలు తీసేస్తాం. పేరు, మన షాపు కార్డు నంబరు, కొలతలు మాత్రం ఉంటాయి. అవి నేనూ, కటింగ్ మాస్టరూ తప్ప ఎవరూ తెరవలేరు. మెసేజిలు రావు. అవి కూడా వద్దంటే ఒక్క మాట చెప్పండి, ఆ రోజే చెరిపేస్తాం, పుస్తకంలో ఇంకుతో కొట్టేస్తాం. వ్యక్తిగత సమాచారం గురించి 2023లో వచ్చిన చట్టం కూడా చెరిపెయ్యమని అడిగే హక్కు ఇచ్చింది. మీ కొలత మీద మీ చెల్లెలి కొలత ఆధారపడి ఉంటే, ఆ అంకెలు తన పేజీలో రాసుకుని మీ పేరు తీసేస్తాం.

గుడ్డ ఇచ్చి తీసుకెళ్ళని వాళ్ళవి మాత్రం నంబరుతో సహా ఉంచుతాం. అలాంటివి పద్నాలుగు ఉన్నాయి, ఒకటి గద్వాల పట్టు. బ్యాంకులో అయితే 10 ఏళ్ళు కదలని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది, అప్పుడైనా అడిగితే తిరిగి ఇస్తారు. మీ గుడ్డకు మా బీరువాయే రిజర్వు బ్యాంకు.

దసరా ఆర్డర్లు పండక్కి పది రోజుల ముందు ఆపేస్తాం. పాత కార్డు ఉంటే తెండి, లేకపోతే ఆది జాకెట్టు. ఉతికి ఉతికి బిగిసిపోయింది మాత్రం తేవద్దు.