నాన్నగారికి, ఈ గోరంత కార్డు గురించి

నగోయా, జపాన్,
2024 నవంబరు 10, ఆదివారం

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. అమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందని తమ్ముడు చెప్పాక మనసు కుదుటపడింది. కార్తీక మాసం కదా, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానాలు మాత్రం వద్దని నా మాటగా చెప్పండి.

మొన్న ఫోనులో మీరు అడిగిన ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "మెమరీ కార్డులు రెండిటిదీ కంపెనీ ఒకటే, రెండూ 32 జీబీలే, మరి ఒకదాని ధర ఇంకొకదానికి మూడు రెట్లు ఎందుకు?" అన్నారు. ఇక్కడేమో పాప ఏడుపు, అక్కడేమో మీకు నా మాట సగమే వినపడడం. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ నెలాఖరున విజయవాడ వస్తున్న నా స్నేహితురాలి చేతికి ఒక చిన్న డబ్బా, ఈ ఉత్తరం కలిపి ఇస్తున్నాను. తమ్ముడు వెళ్ళి తెస్తాడు. డబ్బాలో ఒక పాటల ప్లేయరు, అందులోనే అమర్చిన మెమరీ కార్డు, విడిగా ఇంకొక కార్డు, కార్డు రీడరు, వైరున్న ఇయర్‌ఫోన్లు ఉంటాయి.

అన్నిటికన్నా ముందు పోయినేడాది సంగతి చెప్పాలి. 512 జీబీ అని రాసి ఉన్న కార్డు ఒక పూట భోజనం ఖరీదుకు దొరికిందని మీరు సంబరపడి కొన్నారు. తమ్ముడు మీకిష్టమైన నాటక పద్యాలన్నీ అందులోకి ఎక్కించాడు. పేర్లన్నీ వరసగా కనిపించేవి, నొక్కితే సగం పలికేవి కావు. తెలియక ఏదో మీట నొక్కి మీరే చెరిపేశారని అనుకున్నారు, అప్పటి నుంచి కంప్యూటరు దగ్గరికే రావడం మానేశారట. మీ తప్పు ఏమీ లేదు నాన్నగారూ. కార్డు లోపల లెక్కలు చూసే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. నకిలీ కార్డుల్లో దానికి అబద్ధం నేర్పుతారు. లోపల ఉండేది 8 జీబీయే అయినా, కంప్యూటరు అడిగితే 512 అని చెబుతుంది. అసలు చోటు నిండిపోయాక వచ్చిన ప్రతి పాటనూ పాతదాని మీద రాస్తుంది, లేదా ఎక్కడా రాయకుండానే రాశానంటుంది. పేర్ల పట్టిక మాత్రం చెక్కు చెదరదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. మీరు ఏ మీటా నొక్కకపోయినా అలాగే జరిగేది.

ఈసారి పంపుతున్న రెండు కార్డులనూ నేను పరీక్షించాను. కార్డు మొత్తం నిండేదాకా రాసి, రాసినదాన్ని తిరిగి చదివి, అక్షరం పోకుండా ఉందో లేదో చూసే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. నేను వాడింది ఎఫ్3. తమ్ముడి కంప్యూటరుకైతే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ సరిపోతుంది. ఇక మీదట ఏ కార్డు కొన్నా ఒక్క పాట కూడా ఎక్కించకముందే ఈ పరీక్ష చేయమని వాడికి గట్టిగా చెప్పండి. ఇంకొకటి, పంపిన కార్డును కంప్యూటరులో పెడితే 32 కాకుండా 29.8 అని కనిపిస్తుంది. మళ్ళీ మోసపోయామని కంగారు పడకండి. తయారుచేసేవాళ్ళు వెయ్యేసి చొప్పున లెక్కిస్తారు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కిస్తుంది. తేడా అంతా అదే.

ఇప్పుడు మీ ప్రశ్న. ఆ ధరల తేడా వేగానిది. కార్డు మీద చిన్న అక్షరాల్లో వి30 అని ఉంటే, సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని అర్థం. కెమెరాతో వీడియో తీసేవాళ్ళకు అది కావాలి. ఏ1, ఏ2 అన్న గుర్తులు ఫోనులో యాప్‌లు నడిపేవాళ్ళ కోసం. మీ పద్యం పలకడానికి కావలసింది సెకనుకు 16 కిలోబైట్లే. అంటే వి30 కార్డు వేగం మీ అవసరానికి దాదాపు రెండు వేల రెట్లు. అందుకని పేరున్న కంపెనీది, నమ్మకమైన దుకాణంలో, వాటన్నిటిలో చౌకది కొన్నాను. డబ్బు వేగానికి కాదు, నమ్మకానికి పెట్టాలని నా అభిప్రాయం.

32 జీబీయే ఎందుకంటే, మీరు నాటకాలు, పద్యాలు పట్టి ఉంచిన క్యాసెట్లు 46, ఒక్కొక్కటి 90 నిమిషాలు, మొత్తం 69 గంటలు. వాటి నుంచి వినడానికి చేసిన ప్రతులన్నీ కలిపినా 4 జీబీయే అయ్యాయి. పైగా 32 దాటిన కార్డుల లోపలి అమరిక వేరు. చిన్న ప్లేయర్లు చాలావాటికి అది అర్థం కాదు, కార్డే లేదంటాయి.

మీకు నచ్చే విషయం ఒకటి చెబుతాను. ఇక్కడి నుంచి రైలులో అరగంట పైన వెళితే యొక్కాయిచి అనే ఊరు. మెమరీ కార్డుల్లో ఉండే ఫ్లాష్ చిప్పులు తయారుచేసే పెద్ద కర్మాగారం అక్కడుంది. ఇదివరకు తోషిబాది, 2019 నుంచి కియోక్సియా అన్న పేరుతో నడుస్తోంది. ఫ్లాష్ మెమరీని కనిపెట్టిన ఫుజియో మసువోకా కూడా తోషిబాలో పనిచేసిన ఇంజినీరే. 1984లో దాన్ని లోకానికి చూపించారు. కెమెరా ఫ్లాష్ మెరిసినట్టు రాసినదంతా ఒక్కసారిగా చెరిగిపోతుందని ఆ పేరు పెట్టారట. మీ టేపు మీద ధ్వనిని పట్టి ఉంచేది ఇనుపరజను లాంటి అయస్కాంతపు పూత. ఇక్కడ కంటికి ఆనని గదుల్లో విద్యుత్తును బంధించి ఉంచుతారు. బయట కరెంటు లేకపోయినా అది కదలదు.

కానీ ఎల్లకాలం కాదు. ఏళ్ళ తరబడి బీరువాలో వదిలేస్తే ఆ విద్యుత్తు కొంచెం కొంచెంగా జారిపోతుంది. ఇక్కడే నేను చాలా ఆలోచించాను. టేపు మెల్లగా ముసలిదవుతుంది. ముందు బుసబుస పెరుగుతుంది, తరవాత గొంతు మసకబారుతుంది, అయినా ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుంది. కార్డుకు అలాంటి ముసలితనం లేదు. నిన్నటిదాకా నిక్షేపంగా పలికి ఈ రోజు ఉలకదు పలకదు. కాబట్టి కార్డును వినడానికే వాడండి, దాచుకోవడానికి దాని మీద ఆధారపడవద్దు. నేను వేసవిలో వచ్చి మూడు వారాలు వరండాలో కూర్చుని ఎక్కించిన అసలు ప్రతులు 44 జీబీ దాకా ఉన్నాయి. అవి తమ్ముడి హార్డ్‌డిస్కులో ఒకటి, నా దగ్గర ఒకటి ఉన్నాయి. క్యాసెట్లను కూడా దయచేసి పారేయనివ్వకండి. బూజు పట్టినవాటిని తుడిచి, నిలబెట్టి పేర్చాను. ఎండ తగలని ఆ అరలోనే ఉండనివ్వండి.

ఇంత పట్టుదల ఎందుకో మీకు తెలుసు. 31వ క్యాసెట్ రెండో వైపు మీరు రేడియోలో వస్తున్న నాటకం పట్టుకుంటున్నారు. పద్యం మధ్యలో వెనక నుంచి నాయనమ్మ గొంతు. "అన్నం చల్లారిపోతోంది, ఆ పెట్టె కట్టేసి రా నాయనా." మీరు ఉండమని సైగ చేసి ఉంటారు. కాసేపటికి ఆవిడే ఏదో కూనిరాగం తీస్తూ గిన్నెలు సర్దుకున్న చప్పుడు. అంతా కలిపి నాలుగు నిమిషాలు. మన ఇంట్లో నాయనమ్మ ఫొటోలు మూడున్నాయి, గొంతు మాత్రం ఈ ఒక్కచోటే ఉంది. ఆ రోజు అది వినగానే టేపు ఆపేసి, అమ్మను పిలుచుకుని వచ్చి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. మీరప్పుడు బజారుకు వెళ్ళారు. ఫోనులో చెబితే బాగుండదని ఇన్నాళ్ళూ ఆగాను. ఆ నాలుగు నిమిషాలను విడిగా తీసి 001 నంబరు ఇచ్చాను. ప్లేయరు తెరవగానే మొదట పలికేది అదే.

నంబర్ల సంగతి తమ్ముడికి చదివి వినిపించండి. చిన్న ప్లేయర్లలో తెలుగు అక్షరాలు సరిగ్గా రావు. ఒత్తులు విడిపోతాయి, లేదా ఉత్త డబ్బాలు కనిపిస్తాయి. అందుకే పేర్లు నంబర్లుగా పెట్టాను. ఏ నంబరు ఏ పద్యమో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిన నోటుపుస్తకం డబ్బాలోనే ఉంది. కొన్ని ప్లేయర్లు పేరు చూసి కాకుండా కార్డులోకి ఎక్కించిన వరసలోనే పాడుతాయి, కాబట్టి కొత్తవి చేర్చేటప్పుడు ఒక్కొక్కటిగా వరస తప్పకుండా ఎక్కించాలి.

కార్డు రీడరు గురించి ఎక్కువ చెప్పక్కరలేదు. ఒక వైపు కంప్యూటరుకు, ఇంకో వైపు ఫోనుకు పట్టేది తీసుకున్నాను. మీ సొరుగులో ఉన్న పాత రీడరు వాడవద్దు. అది 2 జీబీ కార్డుల నాటిది, దీన్ని గుర్తుపట్టలేదు. ఎప్పుడైనా కంప్యూటరు "ఫార్మాట్ చేయాలా?" అని అడిగితే వద్దనే నొక్కండి, అవుననంటే అంతా తుడిచేస్తుంది. కార్డు లాగేముందు తెర మీద "ఎజెక్ట్" నొక్కి దాన్ని విడుదల చేసి, అప్పుడు తీయాలి. రాస్తూ ఉండగా లాగితే మంచి కార్డు కూడా పాడవుతుంది.

ప్లేయరు దగ్గర మాత్రం రెండు ఆదివారాలు తిరిగాను. ఇక్కడ ఓసు అనే పేట ఉంది, ఒక చివర కన్నోన్ అనే బౌద్ధ దేవత గుడి, చుట్టూ ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలు, పాత వస్తువుల అంగళ్ళు. సోనీ వాక్‌మన్ కొత్త రకం చేతికి తీసుకుని విన్నాను, ధ్వని అద్భుతం. కానీ అంతా నున్నటి అద్దం, తాకితే పనిచేసేది. కంటి ఆపరేషను అయ్యేదాకా మీకు అది ఇబ్బంది. 1979లో వచ్చిన మొదటి వాక్‌మన్‌ను చూడకుండానే వేలితో తడిమి నడిపేవారు, నాకు మీ కోసం కావలసింది అదే గుణం. చివరికి ఐదు మీటలున్నది దొరికింది. మధ్యలోది మిగతావాటికన్నా ఎత్తుగా ఉంటుంది, అది ఆడటానికి, ఆపడానికి. పక్కన జరిపే మీటను పైకి తోస్తే జేబులో ఏది నొక్కుకున్నా పట్టించుకోదు. ఆపిన చోటు గుర్తుపెట్టుకుని మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. గంట నాటకం వినేవారికి ఇది లేకపోతే నరకం. చిన్న స్పీకరు కూడా ఉంది, అమ్మ కూడా వినవచ్చు. మీ ఎడమ చెవికి వినికిడి తగ్గిందని ధ్వనిని రెండు వైపులా ఒకేలా వచ్చేటట్టు కలిపాను, ఏ చెవికి పెట్టుకున్నా పద్యం పూర్తిగా వినపడుతుంది.

ఒక్క పని మీకే మిగిల్చాను. 17వ క్యాసెట్ మీద మీరు "తెనాలి, 1983" అని మాత్రమే రాశారు. అందులో కృష్ణుడి పాత్రధారి ఒక పద్యాన్ని రాగం తీసి తీసి పాడితే జనం మళ్ళీ పాడమని కేకలు వేశారు, ఆయన మూడుసార్లు పాడారు. మూడోసారి చివరి పాదంలో మీ గొంతు కూడా కలిసింది. 212 నుంచి 214 దాకా విని, ఆ నటుడు ఎవరో మీకు గుర్తుకు వస్తే తమ్ముడి చేత రాయించి పంపండి. నోటుపుస్తకంలో ఆ గడులు ఖాళీగా ఉంచాను.

అమ్మకు, పిన్నికి నమస్కారాలు.

మీ
పెద్దమ్మాయి