పరుగు వచ్చు, నడక రాదు

ఒరేయ్ బావా,

కొత్త ఆటోమేటిక్ కారు ఎలా ఉందో ఒక్క ముక్కైనా రాయలేదని తిట్టావు కదా, ఇదిగో ముక్కేం ఖర్మ, రామాయణమే రాస్తున్నా, తీరిగ్గా కూర్చుని చదువు.

ఖాళీ రోడ్డు మీద దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. గేరు మారిందని శబ్దాన్ని బట్టి తెలియాలి తప్ప ఒంటికి తెలీదు. కానీ అదే బండిని ట్రాఫిక్‌లోకి దింపానంటే నా తిప్పలు చూడాలి. ముందున్న బండి రెండడుగులు కదులుతుంది, నేను బ్రేకు మీద నుంచి కాలు తీస్తాను, ఒక క్షణం ఏమీ జరగదు, సరే కదా అని యాక్సిలరేటర్‌ని అలా తాకానో లేదో దభాలున ముందుకు దూకుతుంది, హడలిపోయి మళ్లీ బ్రేకు తొక్కుతాను. మొదటి వారమంతా మా ఆవిడ పక్కన కూర్చుని తల ఊపుతూనే ఉంది. నేను చెప్పేవన్నీ ఒప్పుకుంటోంది కాబోలు అనుకుని తెగ మురిసిపోయాను.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కంప్యూటర్ తగిలించి చూసి, ఎర్రర్ ఏమీ లేదు సార్, ఈ మోడల్ అన్నీ ఇంతే అని చేతులు దులుపుకున్నారు. ఆ మాటకి ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. ఇంత డబ్బు పోసి కొన్నాక 'ఇంతే' అంటే ఎలారా? ఆ కోపంతోనే అసలు ఈ గేర్‌బాక్స్ సంగతేంటో తెలుసుకోవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే వాళ్లు చెప్పింది ముప్పాతిక నిజమే, చెప్పిన తీరే బాగాలేదు.

నీ పాత ఆటోమేటిక్‌లో ఇంజనుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది, అంటే మధ్యలో ఉన్నది ఆయిల్. కదిలేటప్పుడు వచ్చే కుదుపంతా ఆ ఆయిలే మింగేస్తుంది. నా దానిలో ఆ దిండు లేదు. ఇది డ్యూయల్ క్లచ్, అంటే ఇంజన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపి విడదీసే క్లచ్‌లు దీనికి రెండు. ఒక క్లచ్ 1, 3, 5, 7 గేర్లకి, ఇంకోటి 2, 4, 6కి. ఒకటి పనిలో ఉండగానే రెండోవైపు తర్వాతి గేరు వేసుకుని సిద్ధంగా ఉంటుంది, అందుకే అంత వేగంగా మారుతుంది. మరి ఆగిన చోటి నుంచి కదలాలంటే? మనం డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు పడ్డ పాటే, హాఫ్ క్లచ్, అంటే క్లచ్ పట్టీ పట్టనట్టు జారనివ్వడం. కాకపోతే ఇక్కడ క్లచ్ మీద ఉన్నది మన కాలు కాదు, కంప్యూటర్. మనకైతే ముందు బండి కనిపిస్తుంది, ఎంత వదలాలో తెలుస్తుంది. దానికి తెలిసేది పెడల్ ఎంత నొక్కాం, బండి ఎంత వేగంలో ఉంది లాంటి లెక్కలే. పైగా హాఫ్ క్లచ్‌లో ఎక్కువసేపు ఉంటే క్లచ్ వేడెక్కి అరుగుతుంది కాబట్టి తొందరగా పట్టేయాలని చూస్తుంది. దూకుడు సగం అక్కడే.

ఇంకో తమాషా ఉంది. వేగం తగ్గుతుంటే, వీడు ఆగబోతున్నాడు అనుకుని అది రెండు నుంచి ఒకటికి వెళ్లే పనిలో ఉంటుంది. సరిగ్గా అప్పుడే ముందు దారి దొరికి నేను కాలు నొక్కుతాను. పాపం, లెక్క మార్చుకోవాలి కదా, అదే ఆ క్షణం మౌనం. నేనేమో పలకడం లేదని ఇంకాస్త నొక్కుతాను, అప్పుడు క్లచ్ పట్టుకుంటే దూకక ఏం చేస్తుంది? ఆ కుదుపుకి నా కాలే పెడల్ మీద ఊగుతుంది, దాన్ని కూడా అది నా ఆజ్ఞే అనుకుంటుంది. నేను దాన్ని తిట్టుకోవడం, అది నన్ను తప్పుగా అర్థం చేసుకోవడం. స్పోర్ట్ మోడ్‌లో ఉంటే మరీ ఘోరం, కొంచెం తాకితే చాలు ఎక్కువ ఇస్తుంది, వదిలితే చిన్న గేర్లోనే ఉండి ఇంజనే వెనక్కి లాగుతుంది. ఇలాంటి బండ్లలో కొన్నిటికి ఇంజన్‌ని పట్టి ఉంచే మౌంట్లు కూడా గట్టిగా ఉంటాయి, అప్పుడు ప్రతి కుదుపూ నేరుగా మన నడుముకే.

అసలు ఇది రేసుల్లో ఎదిగిన వస్తువురా. 1980ల్లోనే పోర్షే 962 రేసు కారులో వాడారు. మామూలు జనం కొనుక్కునే బండిలోకి 2003లో, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో వచ్చింది. రేసులో ఆగి కదిలే పని ఎన్నిసార్లు ఉంటుంది చెప్పు! బీఎండబ్ల్యూ ఎం5 కూడా కొన్నేళ్లు డ్యూయల్ క్లచ్‌తో నడిచి, 2017లో వచ్చిన మోడల్‌తో టార్క్ కన్వర్టర్‌కి మారిపోయింది. అది చదివాక నా కోపం కొంచెం చల్లారింది.

ఇప్పుడు నేను చేస్తున్నది, ముందు బండి తోక పట్టుకుని పాకడం మానేశాను. కాస్త ఖాళీ వచ్చేదాకా బ్రేకు గట్టిగా నొక్కి ఉంచుతాను, అప్పుడు క్లచ్ పూర్తిగా వదిలేసి హాయిగా ఉంటుంది. బ్రేకు సగం సగం నొక్కి పాకితేనే దానికీ మనకీ పెనుగులాట. కదిలేటప్పుడు ఇక తటపటాయింపు లేదు, బ్రేకు పూర్తిగా వదిలి, బండి తనంతట తాను పాకడం మొదలయ్యాకే యాక్సిలరేటర్. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే పాత అలవాటు మాత్రం చచ్చినా చేయకు, క్లచ్ మాడిపోతుంది. ఆగినప్పుడల్లా ఇంజన్ ఆపేసే స్టార్ట్-స్టాప్ కూడా ఆఫ్ చేశాను, ఒక కుదుపు తగ్గింది. రెండోసారి సర్వీస్‌కి వెళ్తే ఒక కుర్రాడు, చాలా ఓపికమంతుడు, క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో బండికి మళ్లీ నేర్పించే ప్రోగ్రాం నడిపాడు. దాంతో కూడా తేడా తెలిసింది. మొదటిసారే చేస్తే వాళ్ల సొమ్మేం పోయేదో!

అలాగని ప్రతిదానికీ సర్దుకుపోకూడదు. కాలిన వాసన వచ్చినా, కదిలేటప్పుడు బండి గడగడ వణికినా, గేర్లో ఉండి కూడా ఇంజన్ రయ్యిమని లేచి బండి కదలకపోయినా అది గుణం కాదు, జబ్బు. వారంటీ ఉండగానే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

నువ్వూ ఇలాంటిదే చూస్తున్నానన్నావు కదా. టెస్ట్ డ్రైవ్‌కి ఖాళీ రోడ్డుకి తీసుకెళ్తామంటారు, వద్దను. ఆఫీసులు వదిలే వేళకి వెళ్లి అరగంట ట్రాఫిక్‌లోనే నడుపు, పక్కన చెల్లెమ్మని కూర్చోబెట్టుకో. తను తల ఊపితే మాత్రం ఒప్పుకున్నట్టు కాదురోయ్.

నీ
బావ