హాఫ్‌టైమ్ అంచనాలు ఆట మొదలవకముందే రాయండి

అన్నలూ, తమ్ముళ్లూ, రేపు పొద్దున ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లో హాఫ్‌టైమ్‌కు ఎవరు ముందుంటారో ఇక్కడే రాయండి. మొన్న ఒకాయన రెండో క్వార్టర్ చూసుకుంట రాశాడు, పేరు చెప్పను.

అక్కడ సగం ఆట అంటే 24 నిమిషాలు, మన గ్రౌండ్‌లో ఆడే 20 కాదు. నేనైతే మొదట దిగే ఐదుగురినే చూస్తాను. పెద్ద ఆటగాడికి తొందరగా మూడు ఫౌల్స్ పడ్డాయా, కోచ్ కూర్చోబెడతాడు, అంచనా తలకిందులు. ముందున్నవాళ్లే చివరికి గెలుస్తారనీ లేదు. 2018 వెస్ట్ ఫైనల్స్ (లీగ్‌లో పశ్చిమ విభాగం ఫైనల్) ఏడో మ్యాచ్‌లో హ్యూస్టన్ రాకెట్స్ హాఫ్‌టైమ్‌కు 54-43తో ముందుండి, 92-101తో వారియర్స్ చేతిలో ఓడింది. మన లెక్క మాత్రం హాఫ్‌టైమ్ వరకే.

పైసలు పెట్టేది లేదు. ఓడినవాళ్లు నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగించాలి. పోయిన వారం బాకీ ఇంకా ఇద్దరిది ఉంది.