మళ్ళీ గోడకుర్చీ

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్‌ని మోకాలి దగ్గర పెట్టుకుని గుంజీలు తీస్తూ "విను, వినిపిస్తోందా?" అన్నావు చూడు, వినిపించిందిరా. మీ ఇంట్లో ఎవరో అప్పడాలు విరుస్తున్నారనుకున్నాను. కడుపుబ్బా నవ్వాను కూడా. కానీ ఆ తర్వాత నువ్వు "గుజ్జు అరిగిపోయినట్టుందిరా, జిమ్ మానేశాను" అనేసరికి నవ్వు ఆగిపోయింది. పోయినేడు నేనూ అచ్చంగా ఇదే మాటన్నాను, ఇలాగే మానేశాను. ఫోన్లో చెబుదామంటే రెండో వాక్యానికే అడ్డొస్తావు. అందుకే ఉత్తరం. కాఫీ పెట్టుకుని కుదురుగా చదువు.

నా కథ ఇందిరా పార్కులో మొదలైంది. పొద్దున ఆరింటికి అక్కడ చెట్ల కింద ఒక గుంపు వ్యాయామం చేస్తుంది. అందరూ అరవై దాటినవాళ్ళే, నలభై ఏడేళ్ళ కుర్రాణ్ణి నేనొక్కణ్ణే. ఒకరోజు ప్రాణాయామం అయిపోయి అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆకు రాలినా వినబడేంత నిశ్శబ్దం. కాలు తిమ్మిరెక్కిందని నేను నెమ్మదిగా లేచాను. టక్. మళ్ళీ కూర్చోబోయాను. టక్ టక్. ముందు వరసలో పెద్దాయన ఒక కన్ను తెరిచి, "బాబూ, నీ సెల్లు పడ్డట్టుంది, చూసుకో" అన్నాడు. నేను కూడా నిజంగానే పడ్డట్టు కింద వెతికానురా, సిగ్గేసి!

ఆ రోజు నుంచి చెవులు మోకాళ్ళ మీదే. మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే కరకర. దేవుడి గదిలో వంగితే టక్. మా అత్తగారు నల్లేరు పచ్చడి చేసి సీసాలో పంపించింది. పచ్చడి అద్భుతం, వేడన్నంలో నెయ్యేసుకుని వారం రోజులు లాగించాను. మోకాళ్ళు మాత్రం తమ దారిన తాము మోగుతూనే ఉన్నాయి. ఆఫీసులో ఒకతను "పాయా తాగన్నా, బొక్కల రసం సీదా బొక్కలకే పోతది" అన్నాడు. నెల రోజులు ప్రతి శుక్రవారం పొద్దున పాయా, పక్కన రెండు రోటీలు. గుజ్జు పెరిగిందో లేదో గానీ పొట్ట పెరిగింది. ఆ పైన మందుల షాపులో అడిగి గ్లూకోసమైన్ బిళ్ళలు రెండు డబ్బాలు. వాటి ఖరీదు చెప్పను, మీ చెల్లెలికి ఇప్పటికీ తెలీదు.

చివరికి మా కాలనీ దగ్గరి బొక్కల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఎక్స్‌రేలు, ఎంఆర్ఐలు అంటాడేమోనని పర్సు తడుముకుంటూ కూర్చున్నా. ఆయన నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలి చిప్ప మీద అరచెయ్యి ఆనించి, కాలు చాపమన్నాడు, ముడవమన్నాడు. ఆయన చేతి కింద కరకరలాడటం నాకే తెలుస్తోంది. తర్వాత నాలుగే నాలుగు ప్రశ్నలు. నొప్పి ఉందా? వాపు వస్తోందా? కాలు మధ్యలో పట్టేసి, చాపబోతే రానంటోందా? నడుస్తుంటే మోకాలు ఒక్కసారిగా వదిలేసినట్టు అవుతోందా? నాలుగింటికీ లేదన్నాను. "మరెందుకొచ్చారు?" అన్నాడు. "శబ్దం, డాక్టర్ గారూ." "శబ్దానికి మందు లేదు, అవసరమూ లేదు" అని నవ్వేశాడు. బిళ్ళల సంగతి చెబితే, వాటి వల్ల పెద్దగా లాభం ఉన్నట్టు గట్టిగా తేలలేదు, ఉన్నవి అయిపోతే మళ్ళీ కొనొద్దన్నాడు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అసలా శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగాను. ఆయనకి ఆ పూట రోగులు తక్కువున్నట్టున్నారు, ఓపిగ్గా చెప్పాడు. కీలు లోపల కోడిగుడ్డు తెల్లసొనలా జిగటగా ఒక ద్రవం ఉంటుంది, బండికి ఇంజన్ ఆయిల్ లాగా. అందులో గ్యాస్ కరిగి ఉంటుంది. కీలు సాగినప్పుడు లోపల ఒత్తిడి ఠక్కున పడిపోయి ఆ గ్యాస్ బుడగ కడుతుంది. మన బడి ముందు తోపుడు బండి మీద గోలీసోడా గుర్తుందా? గోలీ లోపలికి నొక్కగానే బుస్సుమని బుడగలొచ్చేవి కదా, కాస్త అలాంటిదే. ఒకసారి బుడగ కట్టాక మళ్ళీ శబ్దం రావాలంటే సుమారు 20 నిమిషాలు పడుతుందట. మెటికలు విరిచి చూడు, వెంటనే రెండోసారి విరగవు. అదీ సంగతి. ఆ శబ్దం బుడగ పగిలితే వస్తుందని 1971 నుంచీ అనుకుంటూ వచ్చారట. 2015లో కెనడాలో ఆల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు ఎంఆర్ఐ మెషిన్లో వేలిని లాగుతూ చూస్తే, పగిలేటప్పుడు కాదు, ఏర్పడేటప్పుడే టక్‌మంటోందని కనబడింది. దీని మీద ఇంకా వాదించుకునేవాళ్ళు ఉన్నారులే.

మోకాలిలో వచ్చే ప్రతి చప్పుడూ బుడగే కాదు మళ్ళీ. స్నాయువు, అదే కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు, ఒకటి ఎముక గట్టు మీంచి ఇటునుంచి అటు జారితే ఒక్కటే టక్. చిప్ప, తొడ ఎముక మీదున్న గాడిలో పైకీ కిందికీ జారుతుంటుంది, అక్కడ కొంచెం గరుకుంటే కరకర. డాక్టర్ అరచేతికి తగిలింది ఇదే.

మెటికలంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. దిష్టి తీసి, చేతులు తన కణతలకి ఆనించి మెటికలు విరిచేది. ఎక్కువ విరిగితే "చూశావా, ఎంత దిష్టో నా తండ్రికి!" అనేది. అదే నేను ఊరికే కూర్చుని విరుచుకుంటే "ఇంటికి దరిద్రం" అని నెత్తిన ఒక్కటిచ్చేది! అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అని ఒక డాక్టర్ ఉండేవాడట. మెటికలు విరిస్తే కీళ్ళవాతం వస్తుందని చిన్నప్పుడు వాళ్ళమ్మ కూడా తిట్టేదట. ఆయన యాభై ఏళ్ళ పాటు ఎడమచేతి వేళ్ళు మాత్రమే రోజూ విరుచుకుని, కుడిచేతివి వదిలేశాడు. రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం రాలేదు. 1998లో ఆ సంగతి ఒక వైద్య పత్రికకి రాశాడు, 2009లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతిలే. ఒక్క మనిషి మీద చేసింది కాబట్టి శాస్త్రం అనలేం గానీ, అమ్మ మీద ఇంత కసి ఉన్నవాడిని నేను చూడలేదు.

నీకు అబద్ధం చెప్పకూడదు కాబట్టి ఇంకొక మాట. 2017లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. దాదాపు 3,500 మందిని నాలుగేళ్ళు గమనించారు. మోకాలు తరచూ మోగేవాళ్ళలో తర్వాత్తర్వాత నొప్పితో కూడిన అరుగుదల కాస్త ఎక్కువగా కనబడింది, అదీ ఎక్కువగా ఎక్స్‌రేలో అప్పటికే అరుగుదల ఉన్నవాళ్ళలో. అంటే పట్టించుకోనక్కర్లేదని కాదు. వ్యాయామం మానేయడం మాత్రం దీనికి విరుగుడు కాదు. మానేస్తే తొడ కండరాలు నీరసిస్తాయి, చిప్పని పట్టుకునేవి అవే మరి.

డాక్టర్ నన్ను కింది అంతస్తులో ఫిజియో దగ్గరికి పంపాడు. పాతికేళ్ళ పిల్ల. నన్ను అటూ ఇటూ నడిపించి, ఒంటికాలి మీద కొంచెం కిందికి దిగమంది. దిగుతుంటే నా మోకాలు లోపలికి వంగిపోతోంది, అద్దంలో నాకే కనబడింది. "అంకుల్, మీ మోకాలికేం కాలేదు. తొడలో బలం లేదు, పిర్రల్లో బలం లేదు. కుర్చీలో కూర్చునే ఉద్యోగమా?" అంది. అంకుల్ అన్నదే ఎక్కువ నొప్పెట్టింది. సరే, ఏం చెయ్యాలి తల్లీ అన్నాను. "గోడకి వీపు ఆనించి, గాల్లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోండి." 

మామా, గోడకుర్చీ! ఎక్కాలు రాకపోతే లెక్కల మాస్టారు వేయించిన గోడకుర్చీ! నేను, నువ్వు పక్కపక్కనే, తొడలు వణుకుతుంటే నువ్వు నన్ను నవ్వించేవాడివి. నేను నవ్వితే ఇద్దరికీ ఇంకో ఐదు నిమిషాలు. అదే శిక్షని ఇప్పుడు ఫీజు కట్టి నేర్చుకున్నాను. ఆ పిల్లకి ఈ కథ చెబితే పడీ పడీ నవ్వింది.

ఒక్క తేడా. మాస్టారు పూర్తిగా కూర్చోబెట్టేవాడు, ఈ అమ్మాయి సగమే దిగమంది. లోతుగా దిగేకొద్దీ చిప్ప కింద ఒత్తిడి పెరుగుతుందట. నొప్పి తెలియని లోతు దాకా దిగి అక్కడ ఆగాలి. పొద్దున వంటింటి గోడకే చేస్తాను. గడియారం చూడను, మీ చెల్లెలు పెసరట్టు పెనం మీద వేసినప్పటి నుంచి తిరగేసే దాకా ఒక వాయి. మొదటి రోజు అట్టు అంచు ఎర్రబడకముందే కాళ్ళు గడగడా వణికి జారి కింద కూలబడ్డాను. "అట్టు కాదు, ముందు మీరు తిరగబడ్డారు" అంది. ఇప్పుడు అట్టు తీసి పళ్ళెంలో వేసేదాకా ఉండగలను. దాంతోపాటు పక్కకి పడుకుని పాదాలు కలిపి మోకాలు తెరవడం, వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తడం, ఆఖరి మెట్టు మీంచి ఒంటికాలితో మెల్లగా దిగడం. ఈ దిగడమే అసలు పరీక్ష. మెట్లు దిగేటప్పుడు చిప్ప మీద మన బరువుకి మూడు రెట్లకి పైనే పడుతుంది. గోల్కొండ మొత్తం ఎక్కి, దిగేటప్పుడు మనవాళ్ళు గోడ పట్టుకునేది ఇందుకే.

బరువు కూడా. 2005లో మోకాళ్ళు అరిగిన లావుపాటి పెద్దవాళ్ళని చూస్తే, ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గిందట. పాయా ఆ రోజుతో బంద్.

నాలుగు నెలలైంది. చప్పుడు పోయిందా అంటే పోలేదు. కానీ మెట్లు దిగుతుంటే కాళ్ళు నా మాట వింటున్నాయి. పార్కులో పెద్దాయన ఇప్పుడు టక్‌మంటే తలకూడా తిప్పడు.

అయితే ఒకటి, మామా. మా షటిల్ బ్యాచ్‌లో ఒకడు స్మాష్ కొట్టి దిగుతూ మోకాలు మెలిపడి కూలబడ్డాడు. 'పట్' అని పక్క కోర్టుకి వినిపించింది. గంటన్నరకి మోకాలు బత్తాయిలా వాచింది. అది లిగమెంటు, అంటే ఎముకని ఎముకతో కట్టి ఉంచే పట్టీ, తెగడం. అలాంటి శబ్దానికి గోడకుర్చీలు పనిచెయ్యవు, అదే రోజు డాక్టర్ దగ్గరికి పోవాలి. నీది అలాంటిది కాదనే నా నమ్మకం. కానీ డాక్టర్ నన్నడిగిన ఆ నాలుగు ప్రశ్నలూ ఒకసారి నిన్ను నువ్వు అడుగు. ఒక్కదానికి అవునని వచ్చినా ఈ ఉత్తరం పక్కన పడేసి చూపించుకో.

నాలుగూ లేవంటే రేపట్నుంచే మొదలు. ఈసారి అలిపిరి నుంచి కొండెక్కుదామని ఎన్నేళ్ళుగా అనుకుంటున్నాం! 3,550 మెట్లు, చివర్లో మోకాళ్ళ పర్వతం. ఆ పేరు వింటేనే నా మోకాళ్ళు టక్‌మంటాయి. సంక్రాంతి అయ్యాక పెట్టుకుందాం, మీ ఆవిడని అడిగి తారీఖు చెప్పు.

వచ్చే ఆదివారం ఫోన్ చెయ్యి. గోడకుర్చీలో ఎన్ని అట్లు ఆగావో చెప్పు. ఫోన్ మాత్రం చెవి దగ్గరే పెట్టుకో.

నీ
మూడో బెంచీ గాడు