ఆడపిల్లల స్కాలర్‌షిప్‌కు ఒక తేదీ పెట్టండి: ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఆర్థిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం.

స్కాలర్‌షిప్పులు సంక్షేమ శాఖల పని కదా, మాకెందుకు రాశారని మీ పేషీలో అనుకోవచ్చు. ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టడం, మీసేవలో వేలిముద్ర వేయడం, ప్రింటు తీసి కాలేజీలో ఇవ్వడం, అక్కణ్నుంచి అది జిల్లా సంక్షేమ అధికారికి వెళ్లి మంజూరు కావడం, ఇదంతా కిందామీదా పడైనా పూర్తవుతోంది. బిల్లు ట్రెజరీకి చేరి టోకెన్ (చెల్లింపు కోసం ఇచ్చే వరస నంబరు) పడ్డాకే ఆగుతోంది. ఆ టోకెన్‌కు డబ్బు ఎప్పుడొస్తుందో అమ్మాయికి తెలీదు, ప్రిన్సిపాల్‌కు తెలీదు, జిల్లా అధికారికీ తెలీదు. తెలిసేది మీ శాఖకే. అందుకే లేఖ మీకు రాస్తున్నాం.

మేం కాలేజీల్లో ఈ దరఖాస్తులు చూసేవాళ్లం. స్కాలర్‌షిప్ మొత్తం పెంచమని అడగడానికి ముందు, అది చెల్లించడానికి ఒక తేదీ పెట్టమని అడుగుతున్నాం.

ఇంజినీరింగ్‌లో చేరిన బీసీ అమ్మాయికి ప్రవేశ పరీక్షలో పదివేల లోపు ర్యాంకు రాకపోతే సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయల దాకానే ఫీజు రీయింబర్స్‌మెంట్. ఫీజు అంతకన్నా ఎక్కువుంటే మిగతాది ఇంటివాళ్లే కట్టుకోవాలి. ఈ 35,000 కూడా సకాలంలో రాకపోతే కాలేజీ ముందు అమ్మాయినే అడుగుతుంది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 8,400 అదనం. మూడు రూపాయలైతే 12,600. బయట పుట్టకపోతే తల్లి మహిళా సంఘంలో అప్పు తీసుకుంటుంది. కిస్తీ నెలనెలా కట్టాల్సిందే. అంటే ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బును సంఘం అప్పు మోస్తోంది, వడ్డీ ఆ తల్లి కడుతోంది. ఆ వడ్డీ ఏ బడ్జెట్ పద్దులోనూ కనపడదు.

కోర్సు అయిపోయాక అసలు చిక్కు మొదలవుతుంది. బకాయి ఉందని కాలేజీ టీసీ, మెమోలు ఇవ్వదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా కౌంటర్ దగ్గర ఆ మాట చెల్లదు. కాలేజీలను మాత్రమే తిట్టి లాభం లేదు. వాళ్లు అధ్యాపకులకు జీతాలివ్వలేక, 2025 నవంబరులో బకాయిల కోసం కాలేజీలు మూసుకుని కూర్చున్నారు. టీసీ లేకపోయినా అబ్బాయి ఏదో ఒక బండెక్కి డెలివరీ పనికైనా పోతాడు. అమ్మాయిని ఇంట్లో కూర్చోబెడతారు. పీజీ కౌన్సెలింగ్ తేదీ దాటిపోతుంది, ఆ ఖాళీ ఏడాదిలో సంబంధాలు చూడటం మొదలవుతుంది.

అప్పుడు మాత్రం ప్రభుత్వం దగ్గర ఆమె పెళ్లి కోసం 1,00,116 రూపాయలున్నాయి, కల్యాణలక్ష్మి కింద. ఆ పథకం తీసేయమని మేం అనడం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు లెక్క వేసేటప్పుడు రెండు డబ్బులూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఏది నమ్మకంగా వస్తుందనిపిస్తే అటే మొగ్గుతారు.

ఇక చేతి ఖర్చుల సంగతి. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం పోస్ట్ మెట్రిక్ పథకంలో (60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం) మామూలు డిగ్రీ చదివే డేస్కాలర్‌కు ఏడాదికి ఇచ్చే భత్యం 3,000 రూపాయలు. హాస్టల్లో ఉంటే 6,000. డేస్కాలర్‌కు నెలకు 250, రోజుకు ఎనిమిది రూపాయల చిల్లర. జిరాక్సులకే సరిపోదు. పైగా కాలేజీకి గానీ శాఖకు గానీ అనుబంధంగా లేని ప్రైవేటు హాస్టల్లో ఉండే అమ్మాయి లెక్కల్లో డేస్కాలరే. దిల్‌సుఖ్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో నెలకు ఐదారు వేలు కట్టి ఉంటున్నా సరే. సంక్షేమ హాస్టళ్లలో మెస్ చార్జీలను 2024 నవంబరు నుంచి ఇంటర్, ఆపైన చదివేవాళ్లకు నెలకు 1,500 నుంచి 2,100కు పెంచారు, మంచిదే. రోజుకు 70 రూపాయలు, అందులోనే టిఫిను, రెండు పూటల భోజనం. అయితే ఆ హాస్టల్లో సీటు దొరికిన అమ్మాయికే ఆ 70.

డిగ్రీ అమ్మాయిలకు ఏ రోజుకారోజు ఠంచనుగా అందుతున్న సాయం ఒక్కటే ఉంది, 2023 డిసెంబరు 9 నుంచి బస్సులో ఇస్తున్న జీరో టికెట్. దానికి దరఖాస్తు లేదు, రెన్యువల్ లేదు, టోకెన్ లేదు. ఆధార్ చూపిస్తే చాలు.

తమిళనాడులో పుదుమై పెణ్ అని 2022 సెప్టెంబరులో మొదలుపెట్టారు. ప్రభుత్వ బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివిన అమ్మాయి పైచదువుకు వెళ్తే, చదువు పూర్తయ్యేదాకా నెలకు వెయ్యి రూపాయలు ఆమె ఖాతాలోనే వేస్తారు. వేరే స్కాలర్‌షిప్ వస్తున్నా ఇది ఆగదు. వెయ్యి పెద్ద మొత్తమేం కాదు, కానీ నెలనెలా ఇస్తామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో విద్యా దీవెన ఫీజును తల్లుల ఖాతాల్లో వేశారు. కొన్ని ఇళ్లలో ఆ డబ్బు వేరే అవసరానికి ఖర్చయింది, కాలేజీ మళ్లీ పిల్లనే నిలదీసింది. ఫీజు కాలేజీకి, తిండీ పుస్తకాల డబ్బు అమ్మాయికి వెళ్లడమే మంచి పద్ధతని మాకు అర్థమైంది.

అమ్మాయి ఖాతా అన్నంత మాత్రాన పని అయిపోదు. బడిలో ఉండగా తెరిచిన ఖాతాకు పద్దెనిమిదేళ్లు నిండాక మళ్లీ కేవైసీ చేయించాలి, లేకపోతే స్తంభిస్తుంది. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్‌ను బ్యాంకు ఖాతాకు కలపడం) చివరగా ఏ బ్యాంకుతో జరిగిందో అక్కడికి పోతుంది, అమ్మాయి ఫారంలో రాసిన ఖాతాకు కాదు. ఓటీపీ వచ్చే ఫోను చాలాసార్లు అన్నదో నాన్నదో అయి ఉంటుంది. పెళ్లయితే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు, పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు. ఆదాయ ధ్రువపత్రం తండ్రిదా భర్తదా అన్నది ఒక్కో ఆఫీసులో ఒక్కోలా చెబుతారు. గర్భిణి అయితే స్కాలర్‌షిప్‌కు కావాల్సిన 75 శాతం హాజరు ఉండదు. విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇవ్వాలని యూజీసీ 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు రాసింది. స్కాలర్‌షిప్ హాజరు లెక్కకూ అదే సడలింపు ఇస్తూ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు.

సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ మాట కూడా చెప్పాలి. సాంకేతిక కోర్సుల అమ్మాయిలకు ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరి దాకా. మొదటి ఏడాది (లేటరల్ ఎంట్రీ అయితే రెండో ఏడాది) దరఖాస్తు పెట్టకపోతే తర్వాత పెట్టే వీల్లేదు. కాలేజీ నోడల్ అధికారి గడువులోగా లాగిన్‌లో ఆమోదించకపోయినా పోయినట్టే. ఇది తీసుకుంటే మరో ప్రభుత్వ స్కాలర్‌షిప్ వదులుకోవాలి. రాష్ట్రం ఇచ్చేది ఎప్పుడు ఇస్తుందో తెలియని అమ్మాయి ఏది ఎంచుకోవాలి?

మీరు చేయగలిగింది ఇదీ. ఎంటీఎఫ్‌ను (అమ్మాయి ఖర్చులకిచ్చే భత్యాన్ని) ఆసరా పింఛన్ల తరహాలో నెలవారీ చెల్లింపుగా మార్చి, ప్రతి నెలా పదో తేదీలోపు ఖాతాలో వేయండి. ఆర్‌టీఎఫ్ (ఫీజు రీయింబర్స్‌మెంట్) బిల్లులను టోకెన్ పడ్డ తేదీల వరసలోనే చెల్లించండి, మధ్యలో దూర్చవద్దు. ఆ టోకెన్ నంబరు, తేదీ, వరసలో ఎన్నో స్థానం అన్నవి అమ్మాయి ఈపాస్ స్టేటస్‌లో కనపడాలి. ‘మంజూరైంది’ అన్న మాట చూపించి ఏ కాలేజీలోనూ టీసీ తెచ్చుకోలేం. ప్రభుత్వం బకాయి ఉన్నంత మొత్తానికి కాలేజీ పేరున బకాయి పత్రం ఇవ్వండి, దాన్ని చూపిస్తే సర్టిఫికెట్లు ఇచ్చి తీరాలని జీవో తెండి. ఆ పత్రానికి గడువు తేదీ, గడువు దాటితే వడ్డీ కూడా పెడితే కాలేజీలు తీసుకుంటాయి. గడువు లేని కాగితాన్ని ఎవరూ నమ్మరు, మేమూ నమ్మం.

అన్నీ ఒకేసారి కావని మాకూ తెలుసు. చివరి సంవత్సరం పూర్తిచేసి సర్టిఫికెట్ల కోసం ఆగిన అమ్మాయిల బిల్లులతో మొదలుపెట్టండి. దానికి కొత్త సర్వే అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. ఏ అమ్మాయి ఏ కోర్సులో ఏ సంవత్సరమో, ఎంత మంజూరైందో ఈపాస్‌లోనే ఉంది. ఏ బిల్లుకు ఏ టోకెనో మీ ట్రెజరీలో ఉంది. పీజీ కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు ఈ రెండు జాబితాలూ ఒకచోట పెట్టించండి.

ఇట్లు,
కాలేజీల్లో స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే కొందరు ఉద్యోగులు, అధ్యాపకులు