ఆ ఐదుగురి పేర్లూ వేయండి

సంపాదకుడు గారికి,

హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఓటమి లేకుండా ఛాంపియన్ అయితే పేపర్లో ఫొటో దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌దే. అతను బంతి విసిరేదాకా ప్రత్యర్థులను ఆపే ఐదుగురు లైన్‌మెన్ ఎవరికీ గుర్తుండరు. వాళ్లకు టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించి తెచ్చే పాయింట్లు) ఉండవు, బంతిని ఎన్ని గజాలు ముందుకు తీసుకెళ్లారన్న లెక్కా ఉండదు మరి!

కాలిఫోర్నియాలోని డి లా సాల్ హైస్కూల్ 1992 నుంచి 2003 దాకా వరుసగా 151 మ్యాచ్‌లు గెలిచింది. చాలాసార్లు ఎదుటి జట్టువాళ్లే భారీగా ఉండేవారు. కోచ్ బాబ్ లాడసూర్ తయారుచేసిన లైన్ మాత్రం బంతి కదలగానే ఐదుగురూ ఒకేసారి లేచి మీద పడేది. ఆ వేగమే వాళ్ల బలం. 2004లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ హైస్కూల్ జట్టు 39-20తో ఓడించే వరకు ఎవరూ ఆపలేకపోయారు.

మ్యాచ్ రిపోర్టులో లైన్‌మెన్‌కు ఒక్క వాక్యమైనా కేటాయించండి. చోటు లేదంటే స్కోరు కింద పేర్లు వేసినా చాలు.

– ఒక పాఠకుడు